బ్యాక్టీరియాకున్న కొలతలు మనిషికి లేవా?

చమురు తినే బ్యాక్టీరియా గురించి మా రంగంలో సెమినార్లకు కొదవ లేదు. ఆల్కానివోరాక్స్, సూడోమోనాస్ వంటివి చమురులోని హైడ్రోకార్బన్లను విడగొట్టి కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మారుస్తాయి. అయితే వాటికి ఆక్సిజన్ అందాలి. నత్రజని, భాస్వరం తగినంత ఉండాలి. తేమ, ఉష్ణోగ్రత కుదరాలి. ఏది తగ్గినా వాటి పని మందగిస్తుంది. అందుకే వాటి అవసరాలన్నీ కొలిచి రాసుకుంటాం.

పిళ్ళైచావడి తీరాన పరిశోధన చేస్తున్న నాకు మరో ప్రశ్న ముఖ్యం. ఆ బ్యాక్టీరియా దాకా చమురును మోసేదెవరు?

2017 జనవరి 28న ఎన్నూరు కామరాజర్ ఓడరేవు దగ్గర రెండు నౌకలు ఢీకొన్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చిక్కటి చమురును మనుషులు బకెట్లతో ఎత్తిపోశారు. ఆ మడ్డిని గుంటలోకి చేర్చాకే ఇండియన్ ఆయిల్ పరిశోధన విభాగం బ్యాక్టీరియాతో శుద్ధి చేపట్టింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వరదల్లో, మణలిలోని చెన్నై పెట్రోలియం రిఫైనరీ వైపు నుంచి చమురు ఎన్నూరు క్రీక్‌లోకి చేరింది. ఈసారీ మగ్గులూ డ్రమ్ములే. వలలూ పడవలూ పాడైన మత్స్యకారులే దిగి ఎత్తారు.

అత్యవసరంలో యంత్రాల కోసం ఆగలేం కదా అంటారు. 2017లో ఆ మాట చెల్లిందనుకుందాం. ఆరేళ్ళ తర్వాత కూడా అదే మగ్గు కనిపించిందంటే అది అత్యవసరం కాదు, అలవాటు. మురికి ఎత్తడానికి మనిషి ఎప్పుడూ చవగ్గా దొరుకుతాడన్న ఆ నమ్మకం కులం ఇచ్చినదే. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రామికులనే విభజిస్తుందని అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పారు.

చమురులోని బెంజీన్ క్యాన్సర్ కారకం. మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించిన 2013 చట్టం ప్రమాదకర శుభ్రత అంటే మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల శుభ్రత అనే చెబుతుంది. చమురు మడ్డి అందులో లేదు.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. బయోరెమెడియేషన్ ప్రాజెక్టు ప్రతిపాదనలోనే ఎత్తేవారి కూలి, గ్లౌజులు, బూట్లు, మాస్కులు, తర్వాతి వైద్య పరీక్షల ఖర్చు చేర్చాలి. అవి లేని ప్రతిపాదనకు నిధులు ఇవ్వకూడదు. ఎంత చమురు తగ్గిందో చెప్పే పరిశోధన పత్రం, దాన్ని ఎవరు, ఏ రక్షణతో ఎత్తారో కూడా చెప్పాలి. బ్యాక్టీరియాకు భాస్వరం ఎంత కావాలో మిల్లీగ్రాముల్లో లెక్కగట్టే మనకు, మనిషికి ఒక జత గ్లౌజులు లెక్కగట్టడం కష్టం కాదు.