నుక్తా చెరిగిపోకూడదు

పెద్దాపురంలోని మా ఇంట పాత ఇనుప పెట్టెలో నానాగారి నికాహ్‌నామా ఉంది. గోదావరి సీమ తేమకు కాగితం గోధుమరంగుకు తిరిగి, మడతల వద్ద చిరగసాగింది. పిల్లలు దానిని ఫోనులో ఫొటో తీసి బంధువులకు పంపారు. చేతులు మారి తిరిగి నా వద్దకు వచ్చిన ప్రతిని పెద్దది చేసి చూశాను. ఉర్దూ అక్షరాల చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కింద ఒక చుక్క ఉంటే ‘బే’, మూడుంటే ‘పే’. ‘రే’పై చుక్క పడితే ‘జే’. నుక్తా చెరిగితే మనిషి పేరే మారిపోతుంది.

ఇందుకు కారణం చిత్రాన్ని భద్రపరచిన విధానమే. 1992లో ప్రమాణంగా వెలువడిన జేపెగ్, చిత్రాన్ని చిన్న చిన్న చదరాలుగా విభజించి, కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరాలను విడిచిపెడుతుంది. అందుకే ఫైలు చిన్నదవుతుంది. ముఖాలకు, తోటలకు, పెళ్లి ఫొటోలకు అది చక్కగా సరిపోతుంది. తెల్లని కాగితంపై నల్లని సిరా వంటి పదునైన అంచుల వద్ద మాత్రం మసక అలుముకుంటుంది. సందేశాల యాప్‌లో ఫొటోగా పంపినప్పుడు సాధారణంగా అది మరింత కుదించబడుతుంది. అలా పోయిన వివరం తిరిగి రాదు. ఆ ప్రతిని మరొక రూపంలోకి మార్చినా ఫలితం ఉండదు.

1996లో వచ్చిన పీఎన్‌జీ ఏ వివరాన్నీ వదలకుండానే ఫైలును కుదిస్తుంది. దస్తావేజులకు, చేతిరాతకు అది తగినది. గ్రంథాలయాలు, భాండాగారాలు ఎక్కువగా టిఫ్‌ను వాడుతాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగులలో స్కాన్ చేసిన ఏ4 కాగితం, కుదించకపోతే సుమారు 26 మెగాబైట్లు అవుతుంది. 1987 నాటి జిఫ్‌లో ఒక చిత్రానికి 256 రంగులే గనుక అది ఫొటోలకు పనికిరాదు. 2017 నుండి ఐఫోన్లలో కనిపించే హెచ్‌ఈఐసీ తక్కువ చోటులో మంచి నాణ్యతను ఇస్తుంది. అయితే అన్ని కంప్యూటర్లలోనూ అది తెరుచుకోదు. ఫొటో దుకాణానికి ఇచ్చేటప్పుడు జేపెగ్ నకలు తీసి ఇవ్వడం మేలు.

కాబట్టి సోదర సోదరీమణులారా, ఇంటి ముఖ్యపత్రాలను మొదట స్కాన్ చేయించి, పీఎన్‌జీ లేదా టిఫ్ రూపంలో మూలప్రతిగా ఉంచండి. దానిని దిద్దకండి. వేరు వేరు చోట్ల కనీసం రెండు ప్రతులు దాచండి. దరఖాస్తులకు చిన్న ఫైలు కావలసి వస్తే ఆ మూలప్రతి నుండే జేపెగ్ నకలు తీయండి. బంధువులకు పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్లే చేరుతుంది.

మేము ఆ నికాహ్‌నామాను మళ్లీ స్కాన్ చేయించాము. కాగితం ఇంకా ఉన్నందువల్లనే అది సాధ్యమైంది. తెరపై ప్రతి నుక్తా దాని చోట కనిపించింది. స్కాన్ అయిందని కాగితాన్ని మాత్రం పారవేయకండి. పెద్దలు మనకు అప్పగించిన అమానత్ అదే.