సముద్రపు ఎఱయు, వరిచేని గుళికయు

వరిలో మొగిపురుగునకు మనము చల్లు కార్టాపు గుళికల మూలము సముద్రమునం దున్నది. జపాను దేశమున గాలమునకు గ్రుచ్చు నొకజాతి సముద్రపు ఎఱపై వ్రాలిన యీగలు చచ్చుచుండెను. 1934లో నిట్టా యను శాస్త్రజ్ఞుడు ఆ యెఱనుండి విషమును వేఱుపఱచి నెరీస్టాక్సిన్ అని పేరిడెను. 1962లో దాని నిర్మాణము తేలెను. పిదప రసాయనికులు దానిని బోలిన కార్టాపును కర్మాగారమున కల్పింపగా, 1967లో అది అంగడి కెక్కెను. ఎఱలను చంపబనిలేకయే మందు లభించుట మేలే.

అయినను, ప్రకృతిలో పుట్టినదెల్ల నిరపాయమని తలచుట పొరపాటు. ఈ మందు పురుగు దేహమున మరల నెరీస్టాక్సినుగా మాఱి నరములను స్తంభింపజేయును. చేపలకును, పట్టుపురుగులకును ప్రాణాంతకము. కావున అంగడివాని మాట నమ్మి చల్లుట తగదు. చేనిలో దిగి చచ్చిన మొవ్వులను లెక్కించి, అవసరమైననే చల్లుడు. మందు వేసిన మడినీటిని చెఱువునకు విడువకుడు. మల్బరీతోటల చెంత వాడకుడు. ఇరుగుపొరుగు సభ్యు లందఱు నీ కట్టడికి లోబడిననే ధనమును చెఱువును దక్కును.