సొంతూరి సఫారీ

"తాతయ్యా, మీ ఊళ్లో సఫారీ లేదా?"

కనుమ నాడు గారెలు తింటూ తొమ్మిదేళ్ల మనవరాలు అడిగిన ప్రశ్న ఇది. తాడేపల్లిగూడెంలోని ఆ ఇంటికి కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు బెంగళూరు నుంచి పండక్కి వచ్చారు. దసరా సెలవుల్లో వాళ్లు కబిని నది ఒడ్డున ఓ లాడ్జిలో రెండు రాత్రులు గడిపారు. ఒకప్పుడు మైసూరు మహారాజులు వేటకెళ్లి బస చేసిన అడవి అది. కొద్దిపాటి గదులు, ఎదురుగా నది, తెల్లారేసరికి గుమ్మం ముందు జీపు. అయిన ఖర్చు విని అమ్మమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"అంత డబ్బు పోసి ఏం చూశారే?"

"ఏనుగుల్ని చూశాం అమ్మమ్మా. పులి మాత్రం కనిపించలేదు."

సఫారీ అంటే స్వాహిలీ భాషలో ప్రయాణం. అరబ్బీ 'సఫర్' నుంచి వచ్చిన మాట. తూర్పు ఆఫ్రికాలో తుపాకులు పట్టుకుని సాగిన ఆ ప్రయాణం, తర్వాత్తర్వాత కెమెరాల చేతికొచ్చింది. కెన్యాలో 1932లో ఓ చెట్టు మీద కట్టిన రెండు గదుల 'ట్రీటాప్స్' ఈ రకం బసల్లో పేరుమోసింది. బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ 1952 ఫిబ్రవరిలో అక్కడ ఉండగానే తండ్రి చనిపోయి, ఆమె రాణి అయింది. మన దగ్గర కర్ణాటక ప్రభుత్వం 1980లో జంగిల్ లాడ్జెస్ సంస్థను పెట్టి కబినిలో ఇదే బాట పట్టింది. అక్కణ్నుంచి అడవిలో బస అంటే పెద్ద పండగే!

మనవరాలి ప్రశ్నకు తాతయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మనకీ ఉందమ్మా. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. రేపు పొద్దున్నే వెళ్దాం" అన్నారు. అమ్మమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. 2006 తర్వాత ఆయన కొల్లేటి ముఖం చూడలేదు మరి!

ముక్కనుమ పొద్దున్న కారు ఏలూరు దాటి కైకలూరు రోడ్డెక్కింది. కాసేపటికి రెండు పక్కలా నీళ్లే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా పరుచుకున్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు దీంట్లోకి వస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే ఈ నీటిని సముద్రానికి చేరుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీళ్లకు కూడా చివరి మజిలీ కొల్లేరే.

కైకలూరు పక్కనే ఆటపాక. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. అటవీశాఖ పక్షుల కేంద్రం అక్కడే ఉంది. జీపు లేదు, యూనిఫాం వేసుకున్న గైడూ లేడు. గట్టు దగ్గర ఓ పడవ ఉంది. పిల్లలు కాస్త నిరాశగానే ఎక్కారు.

పది నిమిషాలు గడిచాయో లేదో, "అక్కా, విమానం!" అని అరిచాడు తమ్ముడు. రెక్కలు చాపితే ఏడడుగులకు పైనే ఉండే పక్షి వాళ్ల తలల మీదుగా దిగి, నీటి మీద కాళ్లతో బ్రేకులు వేసింది. గూడబాతు! అదే, పెలికాన్. నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద పుల్లల గూళ్లు కనిపించాయి. చెట్లు చాలక అటవీశాఖ వీటిని ఏర్పాటు చేసింది. ఓ గూట్లో పిల్ల తన తలనంతా తల్లి ముక్కు కిందున్న సంచిలోకి దూర్చేసి చేపలు తింటోంది.

"ఇవి సైబీరియా నుంచి వచ్చాయా?" అని అడిగాడు అల్లుడు. చాలామంది అలాగే అనుకుంటారు. చలికాలంలో కొల్లేటికి ఉత్తరాది దేశాల నుంచి బాతులు వచ్చే మాట నిజమే. గూడబాతులు మాత్రం పరాయివి కావు. ఇక్కడివే. ఎక్కడ తిరిగినా, గుడ్లు పెట్టే వేళకు నీళ్లు, చేపలు, గూటికి చోటు ఉన్న తావుకు చేరతాయి.

అప్పుడు తాతయ్య నోరు విప్పారు.

"నా చిన్నప్పుడు ఇవి మా వైపు పల్లెల్లో తాడిచెట్ల మీద ఉండేవండీ అల్లుడుగారూ. చెట్టు కింద నిలబడితే పైనుంచి చేపలు రాలేవి. వీటినెవరూ కొట్టేవారు కాదు."

ఆయన జ్ఞాపకానికి పుస్తకాల సాక్ష్యం ఉంది. కేరళకు చెందిన పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరిలో ఈ గూడబాతుల స్థావరాన్ని కనుగొన్నారు. అప్పుడు దాదాపు 3 వేల పక్షులు ఉండేవి. 1974 ప్రాంతానికి అవి ఆ స్థావరాన్ని వదిలేసి వెళ్లిపోయాయి. తర్వాత కొన్నేళ్లలోనే కొల్లేటి నిండా చేపల చెరువులు వెలిశాయి. గట్టు మీద గట్టు లేచింది. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లు తెగ్గొట్టారు.

"అందులో మా చెరువూ ఒకటి" అన్నారు తాతయ్య. ముగ్గురితో కలిసి వాటా పెట్టారట. మేతకు అప్పు తెచ్చారట. చేప పట్టుబడికి రాకముందే గట్టు తెగింది.

"మరి బాధగా లేదా మావయ్యగారూ?"

"బాధ లేకేంటండీ! అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. ఈ పిట్టల కోసం మా నోట్లో మట్టి కొట్టారని తిట్టుకున్నాను. కానీ నాకు పొలం ఉంది, తట్టుకున్నాను. లంక గ్రామాల్లో వల మీద బతికేవాళ్లకు ఏముంది చెప్పండి? చెరువులొచ్చినప్పుడు లాభం మాలాంటి బయటివాళ్లకే ఎక్కువ ముట్టింది. పోయినప్పుడు మాత్రం వాళ్ల పొట్టే ముందు కాలింది."

పడవలో ఎవరూ మాట్లాడలేదు.

కబిని లాంటి చోట అతిథి కట్టే డబ్బులో కొంతైనా చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు జీతంగా చేరుతుంది. మన మారేడుమిల్లి అడవిలోనూ, నల్లమల బైర్లూటిలోనూ పర్యాటకుల బసల్లో స్థానిక గిరిజనులే పనిచేస్తున్నారు. కొల్లేటికి పర్యాటకం పెరగాలన్న మాట ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. పెరగొచ్చు. కానీ ఏసీ గది కన్నా ముందు ఇక్కడ ఉండాల్సింది నీళ్లు. ఆ నీళ్లను కాచే లంకవాళ్లకు నాలుగు డబ్బులు. ఈ రెండూ లేకపోతే గూడబాతు మరోసారి వెళ్లిపోతుంది. వెళ్లడం దానికి కొత్త కాదు.

సాయంత్రం తాడేపల్లిగూడెం చేరేసరికి అమ్మమ్మ కొర్రమీను పులుసు సిద్ధం చేసింది. కబిని లాడ్జిలో వెళ్లేటప్పుడు పుస్తకంలో అభిప్రాయం రాయించుకున్నారట. మనవరాలు ఇక్కడా రాస్తానంది. పుస్తకం లేక గోడ మీది క్యాలెండర్ వెనక రాసింది: 'పెలికాన్లు 112. పులి అక్కర్లేదు. తాతయ్య వచ్చే సంక్రాంతికి కూడా తీసుకెళ్తానన్నారు.'

'వచ్చే సంక్రాంతికి' అన్న మాట దగ్గర తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

వెళ్లాలనుకునేవారు నవంబరు నుంచి మార్చి లోపు పెట్టుకుంటే గూళ్లు, పిల్లలు కనిపిస్తాయి. పొద్దున్న గానీ, సాయంత్రం గానీ మేలు. ఏలూరు నుంచి కైకలూరుకు రోడ్డుంది. వానాకాలంలో మాత్రం నీరు ఎక్కిందేమో కనుక్కుని బయల్దేరాలి. బైనాక్యులర్స్ మర్చిపోవద్దు. గూళ్ల దగ్గరికి పడవ పోనివ్వమని ఒత్తిడి చేయొద్దు. బెదిరి తల్లి లేస్తే పిల్ల ఎండకు మాడుతుంది.