అన్నిటికీ వైరసే అంటే ఎలా?

శృంగవరపుకోటలో డెస్క్‌టాప్ కంప్యూటర్ పని మధ్యలో హ్యాంగ్ అయిందంటే తీర్పు ముందే రాసిపెట్టి ఉంటుంది: వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టేయాలి. మౌస్ కదలకపోయినా వైరసే. స్క్రీన్ మూల గడియారం పదీ నలభై దగ్గర బిగుసుకుపోయినా వైరసే. సీపీయూ డబ్బాను బండి మీద పెట్టుకుని షాపుకి తీసుకెళ్తారు, సాయంత్రానికి కొత్త విండోస్‌తో తెచ్చుకుంటారు. కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

"ఏటి బావూ, మొన్ననే కదా ఫార్మాట్ కొట్టినావు?"

"మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టుంటారు సార్."

ఈ జవాబుకి తిరుగు లేదు. పెన్‌డ్రైవ్ పెట్టనివాడు ఊళ్లో ఎవడున్నాడు?

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. 2003 ఆగస్టులో బ్లాస్టర్, 2004లో సాసర్ అనే వైరస్ రకాలు విండోస్ ఎక్స్‌పీ మీద పడి, 60 సెకన్ల లెక్క చూపించి మరీ కంప్యూటర్‌ని ఆపేసేవి. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టగానే ఆటోరన్ పట్టుకుని లోపలికి దూరే రకాలు వచ్చాయి. విండోస్ 7తో ఆ తలుపు మూశారు. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీకి, విస్టాకి కూడా అప్‌డేట్ ఇచ్చారు. తలుపు మూసి పదేళ్లు దాటినా మన దగ్గర రోగ నిర్ణయం మాత్రం మారలేదు.

పోనీ, పెద్ద వైరస్ మన జిల్లాల దాకా వచ్చినప్పుడు ఏం చేసిందో చూద్దాం. 2017 మే నెలలో వానాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. విశాఖ, శ్రీకాకుళం జిల్లాలవీ అందులో ఉన్నాయి. అది కంప్యూటర్‌ని బిగదీయలేదు. ఫైళ్లకి తాళం వేసి, ఎర్రటి కిటికీ ఒకటి తెరిచి, బిట్‌కాయిన్లలో డబ్బు కట్టమంది. డబ్బు గుంజాలన్నా, పాస్‌వర్డ్ కాజేయాలన్నా కంప్యూటర్ నడుస్తూనే ఉండాలి కదా! చాటుగా క్రిప్టో నాణేలు తవ్వే రకం కంప్యూటర్‌ని నెమ్మదిస్తుంది, నిజమే. నెమ్మదించడం వేరు, కొయ్యబారిపోవడం వేరు.

ఆ తేడా తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. హ్యాంగ్ అయిన క్షణంలో కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి దాని దీపం చూడండి. వెలిగి ఆరుతుంటే లోపల విండోస్ బతికే ఉంది, ఏదో ప్రోగ్రామో డిస్కో దాన్ని నిలబెట్టేసింది. దీపం ఉలకకపోతే వ్యవహారం కింద దాకా పోయిందన్నమాట: ర్యామ్, కరెంటు, డ్రైవర్, మదర్‌బోర్డు. దీపం పనిచేస్తూ బొమ్మ మాత్రం ఆగితే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. విండోస్ 10, 11లలో గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. అలా తేరుకుంటే గ్రాఫిక్స్ వైపు చూడాలి. డబ్బా ముందున్న డిస్క్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటే అనుమానం డిస్క్ మీదికి పోవాలి. ఇవన్నీ ఇంట్లో, హ్యాంగ్ అయిన చోటే చూడాల్సినవి. షాపు బల్ల మీద దొరకవు.

"ఫార్మాట్ కొట్టాక బాగుపడింది కదా, మరి దానికేమంటారు?" అని అడుగుతారు. వాదన మొత్తానికి బలమైన ప్రశ్న ఇదే. బాగుపడినట్టు కనిపించడానికి చాలా దారులున్నాయి. బండి మీద కుదుపులకి, షాపులో మూత తీసి కేబుళ్లు పీకి పెట్టడంతో వదులైన కనెక్షన్ సర్దుకుంటుంది. షాపులో యూపీఎస్ ఉంటుంది, ఎర్తింగ్ సరిగ్గా ఉంటుంది. ఇంట్లో మూడు కాళ్ల ప్లగ్గుకి ఎర్త్ కాలు విరిగిపోయి ఉంటుంది. స్టార్టప్‌లో తిష్ఠ వేసిన రెండేసి యాంటీవైరస్‌లు ఒకదానితో ఒకటి కొట్టుకోవడం మానేస్తాయి. అన్నిటికంటే మాయ చేసేది పాత హార్డ్ డిస్క్. అందులో ఓ చోటు పాడైతే డిస్క్ దాన్నే పదే పదే చదవబోతుంది, విండోస్ దాని కోసం కాచుకుని కూర్చుంటుంది, మనకి స్క్రీన్ ఆగినట్టు కనిపిస్తుంది. ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తే ఫైళ్లు వేరే చోట్ల పడతాయి. పాడైన చోటు మీద కొత్తగా రాయబోతే డిస్క్ దాన్ని పక్కన పెట్టి, దాచి ఉంచిన మంచి చోటు వాడుకుంటుంది. అందుకే కొన్నాళ్లు సుఖం. ఆ తర్వాత ఇంకో చోటు పోతుంది.

2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల లెక్కలు తీశారు. తనిఖీలో మొదటి తప్పు బయటపడ్డ డిస్క్, ఏ తప్పూ లేని డిస్క్ కన్నా ఆ పైన 60 రోజుల్లో పాడయ్యే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. అలాంటి డిస్క్‌కి ఫార్మాట్ కొట్టడం పడిపోబోయే గోడకి సున్నం వేయడమే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి సీ5 అన్న వరుస చూడండి. సున్నా కాకపోతే ముందు ఫైళ్లు వేరే డిస్క్‌కి ఎక్కించాలి, మిగతావన్నీ ఆ తర్వాత.

మన ఊరి సంగతి ఇంకోటుంది. కొండల పక్క ఊరు. వేసవి సాయంత్రం అరకు వైపు నుంచి మబ్బు పట్టి ఉరిమితే కరెంటు వచ్చీ పోయీ ఆటలాడుతుంది. ఆ దెబ్బ మొదట తగిలేది డబ్బాలో కరెంటు పంచే ఎస్ఎంపీఎస్‌కే. అది ఇవ్వాల్సిన 12 వోల్టుల్లో 5 శాతం దాకా అటూ ఇటూ పోవచ్చు, అంటే 11.4 నుంచి 12.6 వరకు. డబ్బాతో పాటు చవగ్గా వచ్చిన ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్ తల ఉబ్బితే, బరువైన పని మొదలుపెట్టగానే వోల్టేజీ కిందికి జారుతుంది, కంప్యూటర్ ఆగుతుంది. మల్టీమీటర్ పెట్టి రెండు నిమిషాల్లో చూడొచ్చు. డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటోందా? అది ఎర్త్ లేదని చెప్పడమే, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. తేమగాలికి ర్యామ్ కాళ్లు మసకబారతాయి, తీసి రబ్బరుతో రుద్ది పెడతారు మన కుర్రాళ్లు. ఆ చిట్కాని నేను వెక్కిరించను, దానికి ఆధారం ఉంది. అయితే రుద్దాక ఒక రాత్రంతా మెమరీ టెస్ట్ నడపాలి. ఆ ఓపిక మాత్రం కనపడదు.

"వేడెక్కింది, ఏసీ పెట్టుకోండి" అనేది ఇంకో తీర్పు. ఇప్పటి ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, మరీ ఎక్కువైతే ఆరిపోతుంది. దుమ్ము దులపండి, చాలు.

ఫార్మాట్ మీద నా అసలు కోపం డబ్బు గురించి కాదు, సాక్ష్యం గురించి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒక చిట్టా ఉంటుంది. డిస్క్ పేరుతో 7, 153 అంకెలు కనిపిస్తే దొంగ దొరికినట్టే. కెర్నెల్-పవర్ 41 చూపించి "ఎస్ఎంపీఎస్ పోయింది" అనేవారి మాట మాత్రం నమ్మకండి. హ్యాంగ్ అయినప్పుడు మీరే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపినా ఆ 41 పడుతుంది. ఫార్మాట్ కొడితే ఈ చిట్టా అంతా పోతుంది. దానితో పాటు డీటీపీ వాళ్ల అనూ స్క్రిప్ట్ సెట్టింగులూ, పేజ్‌మేకర్‌లో చేసిన శుభలేఖలూ పోతాయి. "డీ డ్రైవ్ ముట్టుకోలేదు సార్" అంటారు. డెస్క్‌టాప్ మీద పెట్టినవి మామూలుగా ఉండేది సీ డ్రైవ్‌లోనని వాళ్లకీ తెలుసు.

షాపులవాళ్లనే తిట్టి ఊరుకుంటే అన్యాయం. ఫార్మాట్‌కి ఇంతని అడిగితే మారుమాట లేకుండా ఇస్తాం. రెండు గంటలు కూర్చుని పరీక్షించి "డిస్క్ పోతోంది" అని చెప్పినవాడికి "చూసినందుక్కూడా డబ్బులేటి?" అంటాం. కొత్త డిస్క్ వేశాక విండోస్ తాజాగా ఎక్కించండి, నాకే అభ్యంతరమూ లేదు. చూడకుండా కొట్టే ఫార్మాట్‌కి మాత్రం డబ్బివ్వకండి. సీ5 అంకె చూపించమని, ఎస్ఎంపీఎస్ కొలిచి కాగితం మీద రాసివ్వమని అడగండి, ఆ చూసిన పనికి కూలి కట్టండి.