ఇరవై శవాలకు ఒకటే కథ చాలదు

2015 ఏప్రిల్ 7. చిత్తూరు జిల్లా శేషాచలం అడవుల్లో 20 మంది తమిళనాడు కూలీలను పోలీసులు కాల్చి చంపారు. జవ్వాది కొండల మలయాళీ తెగ ఆదివాసులూ అందులో ఉన్నారు. "ఎర్రచందనం దొంగలు, రాళ్లు రువ్వారు, ఆత్మరక్షణకు కాల్చాం." 20 ప్రాణాలకు ఒకటే కథ!

ఎంత దూరం నుంచి కాల్చారు? ముందు నుంచా, వెనక నుంచా? కొట్టిన దెబ్బలున్నాయా? ఇవి ఒక్కో శవం మీద విడివిడిగా చూడాల్సినవి. కుటుంబాలు పట్టుబట్టి హైకోర్టు దాకా పోతేనే రెండో పోస్టుమార్టం జరిగింది. అదీ ఆరుగురికే. మిగతా 14 మంది మాటేంది?

ఎన్‌కౌంటర్ చావుల్లో ఇద్దరు డాక్టర్లు పోస్టుమార్టం చేయాలె, వీడియో తీసి భద్రపరచాలె, ఇంటోళ్లకు వీలైనంత తొందరగా కబురు చేయాలె, మేజిస్ట్రేట్ విచారణ జరగాలె. పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే ఈ మాట చెప్పింది.

"శవాలు ఎక్కువ, డాక్టర్లు తక్కువ" అంటే ఒప్పుకోవద్దు. కాల్చేటప్పుడు లెక్క చూసుకోని సర్కారు, పరీక్ష చేసేటప్పుడు సిబ్బంది లేరంటదా?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! వీడియో ఏది, రెండో డాక్టర్ ఎవరు అని అడగండి. అనుమానం తీరేదాకా చితి పెట్టొద్దు. పూడ్చిన శవాన్ని మళ్లీ తీసి చూడొచ్చు. కాలిన శవం ఇంక సాక్ష్యం చెప్పదు.