భూమిని నమ్ముకున్నవాళ్ళు, అమ్ముకున్నవాళ్ళు

మొన్న ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు ఫోను చేశాడు. ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది వాడికి. "మామయ్యా, ముప్ఫయ్యేళ్ళు నిండేలోగా సొంత స్థలమంటూ లేకపోతే వెనకబడిపోయినట్టేనట. ఊరి బయట కొత్త వెంచరు వేస్తున్నారట. పాతికవేలు పలికే గజం ఇప్పుడు పదిహేను వేలకే ఇస్తారట. నెలాఖరులోగా మొత్తం కట్టాలట. రెండు వందల గజాలకి ముప్ఫై లక్షలు. నాన్నగారి రిటైర్మెంటు డబ్బు ఇరవై, నావి పది" అని ఏకబిగిని చెప్పేశాడు. అందులో ఒక్క డబ్బు లెక్కకి తప్ప మిగతా అన్నిటికీ చివర "అట" ఉంది. ఎవరు చెప్పార్రా అంటే ఆఫీసులో సీనియరు. ఆ సీనియరుకి ఒక్కొక్క ప్లాటుకీ ఎంత ముడుతుందో వాడు అడగలేదు. అడగాలని తోచలేదు కూడా.

కొత్తగా స్థలాలమీద డబ్బు పెట్టబోయేవారికి మన సమాజం ఇచ్చే సలహాలన్నీ ఈ తీరువే. రీజినల్ రింగురోడ్డు ఎటు పోతుంది, ఏ కంపెనీ ఎక్కడికి వస్తుంది, రేటు ఎప్పుడు రెట్టింపవుతుంది, ఇవే. ఆ భూమి అమ్మేవాడిదేనా అన్న ప్రశ్న మాత్రం అపశకునంలా వినిపిస్తుంది. పైగా "భూమిని నమ్ముకున్నవాడు చెడడు" అన్న మాటొకటి. ఆ మాట దుక్కి దున్నేవాడి గురించి పుట్టింది. దాన్ని ఎత్తుకొచ్చి రంగురంగుల కరపత్రాలమీద అచ్చువేసినవాడు భూమిని నమ్ముకున్నవాడు కాదు, అమ్ముకున్నవాడు.

నాకీ కోపం ఊరికే రాలేదు. 1994లో నేనూ హైదరాబాదు శివార్లలో రెండు వందల గజాలు కొన్నాను. కొన్నాననే అనుకున్నాను. నా చేతికొచ్చింది నోటరీ చేసిన అగ్రిమెంటూ, ఒక జీపీఏ కాగితమూ. ఏడాదికోసారి సిటీబస్సెక్కి వెళ్ళి, నా హద్దురాళ్ళు చూసుకుని, వాటిచుట్టూ మొలిచిన తుమ్మమొక్కలు పీకి వచ్చేవాణ్ణి. 2003లో వెళ్ళేసరికి రాళ్ళు లేవు. ఆ సర్వే నంబరులో సగం అసైన్డు భూమి అని తెలిసింది. ప్రభుత్వం నిరుపేదలకిచ్చిన అలాంటి భూమిని కొంటే ఆ కొనుగోలు చెల్లదని 1977లోనే చట్టం వచ్చింది. మిగతా సగంలో నా ప్లాటు నంబరుతోనే ఇంకో ఇద్దరు తేలారు. అమ్మినవారి ఆఫీసున్న చోట టైలరు దుకాణం ఉంది. ఆ స్థలం కోసం మా ఆవిడ నాలుగు గాజులు తీసి ఇచ్చింది. ఇప్పటివరకూ వాటి మాట ఒక్కసారీ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

ఆ మోసానికి నా అజ్ఞానం కూడా వాటాదారే. ఇప్పటివాళ్ళకి ఆ సాకు లేదు. 2016లో రెరా చట్టం వచ్చింది. అయిదు వందల చదరపు మీటర్లు దాటిన లేఅవుటునిగానీ, ఎనిమిది ఫ్లాట్లు దాటిన భవనాన్నిగానీ రిజిస్టరు చెయ్యకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడమూ, బుకింగు తీసుకోవడమూ తప్పే. రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పదిశాతానికి మించి పుచ్చుకోకూడదు. మరి "ప్రీ లాంచ్" పేరుతో నూరుశాతం ముందే కట్టించుకోవడం ఏమిటి? దాన్ని ఆఫరు అని పిలిచేవారికి నా దగ్గర వేరే పేరుంది, ఇక్కడ రాయను.

రిజిస్ట్రేషను అయితే చాలన్న ధీమా ఇంకొకటి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం దస్తావేజును నమోదు చేస్తుంది, హక్కును నిర్ధారించదు. అమ్మేవాడికి లేని హక్కు సబ్‌రిజిస్ట్రారు ముద్రతో మీకు సంక్రమించదు. జీపీఏ మీద జరిగే అమ్మకాలు యాజమాన్యాన్ని బదిలీ చెయ్యవని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. (ఆ తీర్పు నాకు పదిహేడేళ్ళు ఆలస్యంగా వచ్చింది.) ఈసీ తీసి చూశామంటారు. ఆన్‌లైనులో దొరికే ఈసీ 1983 నుంచే. అంతకు ముందరి లావాదేవీలకు ఆఫీసుకు వెళ్ళి అడగాలి, పాత పహాణీలు తిరగెయ్యాలి, లింకు డాక్యుమెంట్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో వేలుపెట్టి చదవాలి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు ఈసీలో కనిపించవు. చెరువు ఎఫ్‌టీఎల్ హద్దూ కనిపించదు. 2024లో హైడ్రా యంత్రాలు కదిలినప్పుడు ఇళ్ళముందు నిలబడి ఏడ్చినవారిలో చాలామంది చేతుల్లో రిజిస్టరు కాగితాలే ఉన్నాయి.

తెలంగాణలో 2020లో ఎల్ఆర్ఎస్ ప్రకటిస్తే పాతిక లక్షల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. అంటే అనుమతిలేని లేఅవుట్లలో మేం కొన్నామని ఫీజుకట్టి మరీ ఒప్పుకున్న దరఖాస్తులవి.

లాభపడ్డవారు లేరా అంటారు. ఉన్నారు. 1990లలో మాదాపూరులో కొన్నవారు ప్రతి పెళ్ళిభోజనంలోనూ మన పక్కనే కూర్చుంటారు. పోగొట్టుకున్నవాడు మాట్లాడడు, వంచుకున్న తల ఎత్తకుండా అన్నం తింటాడు. అమరావతి చూడండి. 2014 తరవాత ఆ చుట్టుపక్కల ధరలు ఆకాశానికెక్కాయి, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కూలాయి, 2024లో మళ్ళీ ప్రాణం వచ్చింది. ఆ మధ్యకాలాన్ని ఓపికపట్టి దాటినవాడికి అదొక కథ. అప్పుచేసి కొని, కూతురి పెళ్ళికోసం 2021లో అమ్ముకోవలసి వచ్చినవాడికి అది కథ కాదు. ఓపిక ధనవంతుడి ఆస్తి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి అది ఉండదు.

పోనీ లెక్కే చూద్దాం. ఏడేళ్ళలో ముప్ఫై లక్షలు అరవై అవుతాయనుకుందాం. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు ఏడున్నర శాతం కలిపితే పెట్టుబడి ముప్ఫై రెండుంబావు. ఏడాదికి తొమ్మిది శాతం పైన కాస్త. మధ్యలో అద్దె రాదు, అవసరానికి సగం గజాలు అమ్ముకోలేం, గోడ కట్టకపోతే కాపలా మనదే. ఈ ప్రతిఫలం కోసమా తండ్రి ముప్ఫయ్యేళ్ళ కష్టం ఒక నెలాఖరులో ధారపొయ్యడం?

మొదటి ఏడాది ఏమీ కొనవద్దనీ, సెలవురోజుల్లో పదిమంది దస్తావేజులు చదవమనీ, డబ్బిచ్చేముందు మనమే కుదుర్చుకున్న వకీలుకు ఫీజు ఇమ్మనీ మావాడికి చెప్పాను. అమ్మేవాళ్ళు చూపించే వకీలుకు కాదు. ముందుగా రెరా నంబరు అడగమన్నాను. నిన్న సాయంత్రం మళ్ళీ ఫోను చేశాడు. "అడిగాను మామయ్యా. ప్రాసెస్‌లో ఉందట. నంబరు వస్తే రేటు పెరుగుతుందట, అందుకే ఇప్పుడే కట్టెయ్యమంటున్నారు" అన్నాడు. గొంతులో అనుమానం కంటే తొందరే ఎక్కువ వినిపించింది నాకు.

నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులుంది. ఈ రాత్రికి బావగారికి నేనే ఫోను చేస్తాను. గాజుల సంగతి ఆయనకి తెలియదు, అదీ చెప్పేస్తాను.