గుఱ్ఱపుడెక్కయు గాజుతొట్టి చేపయు

గత సంవత్సరము వర్షకాలమునకు ముందు మా పాఠశాల బాలురు కొందఱును ఉపాధ్యాయులమును గలసి, ఊరి చెంతనున్న కాలువలోని గుఱ్ఱపుడెక్కను రెండు దినములు పెఱికితిమి. కుప్పలను గట్టుమీదనే విడిచి, గొప్పకార్యము చేసితిమను సంతోషముతో ఇండ్లకు పోయితిమి. వానలు కురిసెను. కుప్పలలో సగము మరల నీటిలోనికి జాఱెను. రెండు నెలలు తిరుగకమునుపే కాలువ పచ్చని చాప పఱచినట్లుండెను. అప్పుడొక వృద్ధ జాలరి మమ్ము జూచి, “మాస్టరుగారూ, తమరు పీకినారా, నాటినారా?” అని యడిగెను. మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

ఈ కాలువ నీరు కడపట కొల్లేటికి జేరును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఆ మంచినీటి సరస్సు బుడమేరు, తమ్మిలేరు మొదలగువాని నీటిని గైకొని ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు విడుచుచున్నది. 2002వ సంవత్సరమున అది రాంసార్ ఒడంబడిక జాబితాలో చేర్పబడినది. కొర్రమీను, వాలుగ, మార్పు అచ్చటి పాత కాపురస్థులు. వానిని నమ్ముకొని బ్రతుకు కుటుంబములనుండి మన బడికి వచ్చు పిల్లలును గలరు.

గుఱ్ఱపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. దాని పూల యందమునకు మురిసి జనులే దానిని సముద్రములు దాటించిరి. తగిన వేడిమియు, ఎరువు గలిసిన పొలముల నీరును దొరకినచో రెండు వారములలో రెట్టింపు కాగలదు. దాని క్రింద వెలుతురుండదు. ప్రాణవాయువు తగ్గి చేపలు తల్లడిల్లును. పడవ కదలదు, వల దిగదు. గింజలు బురదలో పెక్కేండ్లు జీవముతో నుండును. ఇట్టిదానికి ఒకదినపు ఉత్సాహమేమి చాలును? పూతకు ముందే పెఱికి, నీటి కందనంత దూరము మోసి యెండనీయవలెను. మరల మరల వెళ్లవలెను. బ్యానరు గట్టి, ఛాయాచిత్రము తీయించుకొని ముగియు సేవాదినములయెడ మాకు గౌరవము తక్కువ. కొందఱు నొచ్చుకొందురేమో, నొచ్చుకొననిండు, మేమును ఆ పనియే చేసినవారము.

అయినను మొక్కకంటె చేపను గూర్చియే మాకు భయ మెక్కువ. గాజుతొట్టిలోని పాచిని తినునని అంగళ్లలో నమ్మెడు చేప యొకటి కలదు. ఇదియు దక్షిణ అమెరికాదే. ఒడలెల్ల గట్టిపలకల కవచము. కొన్ననాడు వ్రేలంత, పెరిగిననాడు మూరెడు. తొట్టి చాలనపుడు, చంపుటకు మనసొప్పక, బాలురు దానిని కాలువలో విడుతురు. ఇది దయయని వారి యభిప్రాయము. ఆ చేప గట్లలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. దాని ముండ్లు వలలను జించును. జాలరులు దెయ్యపుచేప యందురు. సంతలో దానికి వెలలేదు. ఆఫ్రికా మార్పును మన ప్రభుత్వము 2000వ సంవత్సరములో నిషేధించినది, కాని నిషేధము తరువాతను పలుచోట్ల చాటుగా పెంచబడినది. చట్టమున్నచోటనే యిట్లయినచో, పిల్లవాని గాజుతొట్టిని కనిపెట్టు అధికారి యెవడు? మొక్కను పెఱుకవచ్చును. బురదలో దాగిన చేపను పెఱుకుట యెట్లు?

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. ఇంట తొట్టిచేప వలదనుకొన్నచో అమ్మిన యంగడికే తిరిగి యిండు, లేదా మా బడికి పంపుడు. విజ్ఞానశాస్త్రపు గదిలో తొట్టి యొకటి సిద్ధముచేసితిమి. కాలువపనికి ఈ యేడు నెలకు రెండు శనివారములు పోవుదుము. ఈసారి గట్టుమీద కుప్పలుండవు, బండి యుండును. పని చెప్పుటకు ఆ వృద్ధ జాలరియే యొప్పుకొనెను.